జిగురు కలుపుతుంది, ముంచేది మాత్రం బరువు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఫైటోప్లాంక్టన్ (సముద్రంలో తేలే మొక్కలాంటి సూక్ష్మజీవులు) విడిచే జిగురు కణాల వల్లే కార్బన్ సముద్రం అడుగుకు చేరుతుందని క్లాసులో చెప్పారు. అలాగైతే జిగురు ఎంత పెరిగితే అంత మంచిదేగా? మన బంగాళాఖాతంలో ఇది జరుగుతోందా? ఏదైనా చల్లి మనమే ఆ జిగురును పెంచలేమా?" మీరు చెన్నైలోనే ఎమ్మెస్సీ చేస్తున్నానన్నారు. నేనూ ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా సముద్రపు నీళ్లు వడకట్టి, రంగు వేసి కొలిచే పనిలో ఉన్నాను. కాబట్టి వీలైనంత వరకు మన తీరం సంగతులతోనే చెబుతాను.

క్లాసులో చెప్పింది సగం నిజం. రెండో సగం సాధారణంగా పాఠాల్లో రాదు: ఆ జిగురు తనంతట తాను మునగదు, పైకి తేలుతుంది. దానికి ఏది అంటుకుంది అన్నదాన్ని బట్టే కార్బన్ కిందికి పోతుందా, పైనే తిరుగుతుందా అన్నది తేలుతుంది. మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

అసలు ఈ జిగురు ఎందుకు వస్తుందో ముందు చూద్దాం. డయాటమ్ (గాజు పెంకు ఉండే ఫైటోప్లాంక్టన్) లాంటి ఒక కణానికి ఎండ బాగా దొరుకుతోంది, కార్బన్ డయాక్సైడ్ కావలసినంత ఉంది, కానీ నీళ్లలో నైట్రేట్ అయిపోయింది అనుకోండి. కిరణజన్య సంయోగక్రియ ఆగదు, చక్కెర తయారవుతూనే ఉంటుంది. నత్రజని లేకుండా ప్రొటీన్ కట్టలేదు, కొత్త కణంగా చీలలేదు. మిగిలిపోయిన చక్కెరను పొడవాటి గొలుసులుగా, అంటే పాలీశాకరైడ్లుగా చేసి బయటికి వదిలేస్తుంది. అందుకే బ్లూమ్, అంటే ఒకేచోట గుంపుగా విరగబూసిన ఫైటోప్లాంక్టన్, జోరుగా పెరిగే రోజుల కంటే పోషకాలు అయిపోయి బ్లూమ్ ముదిరే రోజుల్లో జిగురు ఎక్కువ కనిపిస్తుంది. ఫ్యూకోజ్, రామ్నోజ్ లాంటి చక్కెరలతో, సల్ఫేట్ గుంపులతో ఉండే ఆమ్ల స్వభావం గల పదార్థం ఇది. బెండకాయ కోసినప్పుడు చేతికంటే జిగురు కూడా రసాయనికంగా దీనికి దగ్గరి చుట్టమే.

వదిలినప్పుడు ఇది నీళ్లలో కరిగే ఉంటుంది. తర్వాత సముద్రపు నీటిలోని కాల్షియం అయాన్లు రుణావేశం ఉన్న రెండు గొలుసుల మధ్య వంతెనలా నిలబడి వాటిని ముడివేస్తాయి. ముళ్లు పెరిగేకొద్దీ గొలుసులు జెల్‌గా మారతాయి. జీవకణమేదీ ప్రమేయం లేకుండానే, వడకట్టిన సముద్రపు నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం దానంతట అదే ఇలా జెల్‌గా కూడుకుంటుందని 1998లో చిన్, ఒరెయానా, వెర్డుగో చూపించారు. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ దీని ప్రాధాన్యం చాలా ఎక్కువ. సముద్రంలో కరిగి ఉన్న సేంద్రియ కార్బన్ సుమారు 66,000 కోట్ల టన్నులు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉన్న కార్బన్ దాదాపు 87,000 కోట్ల టన్నులు. కరిగినది ఎంత ఉన్నా తనంతట తాను కిందికి దిగదు, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. దిగాలంటే ముందు కణంగా మారాలి. కరిగిన దానికీ కణానికీ మధ్య ఉన్న గడప ఈ జెల్.

వీటిని పరిశోధకులు ట్రాన్స్‌పరెంట్ ఎక్సోపాలిమర్ పార్టికల్స్ అంటారు, ల్యాబుల్లో అందరూ పొట్టిగా టెప్ అంటాం. పేరుకు తగ్గట్టే పారదర్శకం. మామూలు మైక్రోస్కోప్ కింద ఏమీ లేనట్టే కనిపిస్తాయి. అందుకే దశాబ్దాల పాటు ఎవరి కంటా పెద్దగా పడలేదు. 1993లో ఆలిస్ ఆల్‌డ్రెడ్జ్, ఊటా పాసో, బ్రూస్ లోగన్ ఆల్షన్ బ్లూ అనే రంగు వేసి చూశారు. హాస్పిటల్ పాథాలజీ ల్యాబుల్లో పేగు పొరల్లోని మ్యూకస్‌ను గుర్తించడానికి వాడే రంగు అదే. ఆమ్ల పాలీశాకరైడ్లకు పట్టుకుంటుంది. రంగు పడేసరికి, ఖాళీ అనుకున్న నీళ్లలో వేల కొద్దీ కణాలు బయటపడ్డాయి.

పని ఎలా జరుగుతుందో కాస్త చెబితే మీకు రేపు పనికొస్తుంది. 0.4 మైక్రాన్ రంధ్రాలున్న పాలీకార్బొనేట్ ఫిల్టర్ మీద సముద్రపు నీళ్లు పోసి, వ్యాక్యూమ్ చాలా తక్కువగా పెట్టి మెల్లగా లాగుతాం. పంపు గట్టిగా లాగితే జెల్ సాగి, రంధ్రాల్లోంచి జారి కిందికి పోతుంది. ఆ పైన 2.5 పీహెచ్‌లో ఉన్న రంగు అర మిల్లీలీటరు పోసి, రెండు సెకన్లు ఆగి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఉప్పు నీళ్లు మిగిలి ఉంటే రంగు ముద్దలు కట్టేస్తుంది, కొలత మొత్తం పాడవుతుంది. రూపాయి బిళ్లంత ఫిల్టర్ మీద లేత నీలం మరకలు పడతాయి. మైక్రోస్కోప్ కింద పెడితే చినిగిన పొరల్లా, దారాల్లా, కొన్నిచోట్ల మబ్బుల్లా ఉంటాయి. వాటిలో ఇరుక్కుని గాజు పెంకులతో కీటోసెరోస్ అనే డయాటమ్ గొలుసులు, అంచుల వెంట బ్యాక్టీరియా చుక్కలు, వానాకాలం నీళ్లయితే గోధుమరంగు మట్టి రేణువులు. ఎంత ఉందో లెక్క కావాలంటే ఆ ఫిల్టర్‌ను 80 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో రెండు గంటలు ఉంచి, 787 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగ్ తీసుకోవాలి. పోల్చడానికి క్సాంథాన్ గమ్ వాడతాం. సాస్‌లు చిక్కబడటానికి కలిపే అదే గమ్. కాబట్టి ఫలితం "లీటరుకు ఇన్ని మైక్రోగ్రాముల క్సాంథాన్ గమ్‌కు సమానం" అని వస్తుంది. నిజం చెప్పాలంటే ఇది కొంచెం మొరటు కొలతే. రంగు కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ మళ్లీ కాలిబ్రేషన్ చేయాలి. ఇద్దరు వేర్వేరు ల్యాబుల్లో కొలిచిన అంకెలను పక్కపక్కన పెట్టి పెద్ద తీర్మానాలు చేసే పేపర్లను నేను అనుమానంగానే చదువుతాను.

ఇక జిగురు చేసే పని. ఒక డయాటమ్ కణం 20 మైక్రాన్లు ఉందనుకుంటే అది రోజుకు ఒక మీటరు అటూ ఇటూ దిగుతుంది. 1,000 మీటర్ల లోతుకు చేరేలోపు మూడేళ్లు పట్టాలి. అంతకాలం దాన్ని తినకుండా ఎవరూ వదలరు. కణం మునిగే వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రం మీకు తెలిసిందే: వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగింతలు. కణాలు ముద్ద కడితే ముద్ద గుల్లగా ఉంటుంది కాబట్టి లెక్క అంత కచ్చితంగా నడవదు. అయినా అర మిల్లీమీటరు దాటిన ముద్దలు రోజుకు పదుల నుంచి వందల మీటర్లు దిగుతాయి. వీటినే మెరైన్ స్నో అంటారు. మరి రెండు కణాలు ఢీకొన్నంత మాత్రాన అంటుకోవు. చాలాసార్లు తాకి విడిపోతాయి. టెప్ ఉంటే అంటుకునే అవకాశం మామూలు కణాల కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా టెప్ సంఖ్య ఎక్కువ కాబట్టి ఢీకొట్టుకోవడాలూ ఎక్కువే. డయాటమ్ బ్లూమ్‌లు కొన్ని రోజుల్లోనే పై నీళ్లలోంచి మాయమై లోతులో కనిపించడం వెనుక ఉన్నది ఇదే.

ఇక్కడిదాకా మీ పాఠం. ఇప్పుడు మెలిక.

శుభ్రమైన టెప్ సాంద్రత క్యూబిక్ సెంటీమీటరుకు సుమారు 0.70 నుంచి 0.84 గ్రాములు. సముద్రపు నీళ్లది 1.02 పైనే. అంటే ఏ బరువూ అంటుకోని టెప్ పైకి లేస్తుంది. ల్యాబులో పొడవాటి గాజు గొట్టంలో వదిలితే పైకెక్కుతుందని అజెట్సు-స్కాట్, పాసో 2004లో చూపించారు. అలా పైకెక్కిన జిగురు నీటి ఉపరితలం మీద సన్నటి పొరగా చేరుతుంది. కొంత అలల తుంపరతో గాలిలోకి కూడా పోతుంది. ఆర్కిటిక్‌లో మేఘాల బిందువులకు విత్తుల్లా పనిచేసే కణాల్లో ఈ జెల్‌లు ఉన్నాయి. అది వేరే కథ, ఇక్కడ వదిలేద్దాం.

జిగురు ఎక్కువై, మోసే బరువు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 2021లో టర్కీ మర్మరా సముద్రం ఫోటోలు వెతికి చూడండి. నెలల తరబడి తీరం వెంట తెల్లటి, గోధుమరంగు జిగట తెప్పలు. పడవలు కదలక, వలలు జిగురు పట్టి వేట ఆగిపోయింది. ఏడ్రియాటిక్ తీరంలో ఇలాంటివి అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. జిగురుకు అక్కడ కొదవ లేదు. అయినా ఎంతో కార్బన్ పైపొరలోనే కుళ్లింది, దిగినది కూడా తీరం అడుగునే పరుచుకుని అక్కడి ఆల్చిప్పలకు, పగడాలకు ఊపిరాడకుండా చేసింది. "ఎంత పెరిగితే అంత మంచిదేగా" అన్నదానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదనుకుంటాను.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది? డయాటమ్ గాజు పెంకు సాంద్రత 2 దాటి ఉంటుంది. కోకోలిథోఫోర్లనే ఇంకో రకం ఫైటోప్లాంక్టన్ సున్నపు పలకలది 2.7. నది మోసుకొచ్చే బంకమట్టిది దాదాపు 2.6. జంతు ప్లవకాల (నీళ్లలో తేలే చిన్న జంతువుల) మలం గుళికలు కూడా గట్టిగా ప్యాకైన బరువే. టెప్ ముద్దకు ఇవి అంటుకుంటే దిశ మారిపోతుంది.

ఇప్పుడు మన బంగాళాఖాతానికి వద్దాం. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ప్రపంచంలో ఈ కథ ఇంత బాగా కనిపించే చోట్లు తక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇటే. ఆ మంచినీళ్లు సముద్రం పైన తేలికైన మూతలా పరుచుకుంటాయి. గాలి ఎంత వీచినా అడుగున ఉన్న నైట్రేట్ పైకి రాదు. అందుకే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల క్లోరోఫిల్ మ్యాప్‌లో వానాకాలంలో అరేబియా సముద్రం పచ్చగా మెరుస్తుంటే, బంగాళాఖాతం మధ్యలో నీలంగా, బీదగా కనిపిస్తుంది. ఉత్పత్తి తక్కువ, కాబట్టి కిందికి వెళ్లే కార్బన్ కూడా తక్కువే ఉండాలి కదా?

1980ల చివర్లో హాంబర్గ్ విశ్వవిద్యాలయం, గోవా ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) కలిసి బంగాళాఖాతంలో సెడిమెంట్ ట్రాప్‌లు దించాయి. లోతులో వేలాడదీసిన గరాటులాంటి పరికరం అది, అడుగున సీసాలు నిర్ణీత గడువుకు ఒకటొకటిగా మారుతూ పైనుంచి రాలేదాన్ని పట్టుకుంటాయి. వేణుగోపాలన్ ఇట్టెక్కోట్ బృందం 1991లో చెప్పింది ఏమిటంటే, వానాకాలం నదుల నీళ్లు వచ్చే వేళకే ఈ రాలిక పెరుగుతోంది, అందులో నది మట్టి దండిగా ఉంది. ఉపరితలం బీదగా ఉన్నా కార్బన్ లోతుకు బాగానే దిగుతోంది. తర్వాత 1993లో ఆయన దీన్నే ఇంకాస్త విస్తరించి, జీవ సంబంధం లేని ఖనిజ రేణువులు సముద్రపు బయలాజికల్ పంపును, అంటే జీవుల ద్వారా కార్బన్ లోతుకు దిగే ఈ ప్రక్రియను, తోస్తాయని వాదించారు.

టెప్‌ను కలిపి చూస్తే బొమ్మ ఇంకా స్పష్టం. నైట్రేట్ లేక ఆకలితో ఉన్న కణాలు జిగురు వదులుతాయి, ఎండకేమో కొదవ లేదు. అదే సమయానికి నది సన్నటి బంకమట్టిని సముద్రంలోకి పంపుతుంది. ముతక ఇసుక డెల్టా దగ్గరే ఆగిపోతుంది గానీ మైక్రాన్ల సైజు మట్టి చాలా దూరం పోతుంది. జిగురు దాన్ని పట్టుకుంటుంది. ఒకటి లేకుండా ఇంకొకటి ఉంటే, మట్టి విడిగా నెలల తరబడి తేలుతూ ఉండేది, జిగురు పైకెక్కేది. ఉత్తర హిందూ మహాసముద్రంలో టెప్‌ను మనవాళ్లు కొలవడం కొత్త కాదు. గోవా ఎన్‌ఐఓ శాస్త్రవేత్తలు 1996 వానాకాలంలో అరేబియా సముద్రంలో టెప్‌కూ బ్యాక్టీరియాకూ ఉన్న సంబంధాన్ని చూశారు.

ఒక వివాదం కూడా చెప్పాలి. ఖనిజాలే కార్బన్‌ను ముంచుతున్నాయా, లేక కార్బన్ ముద్దలే ఖనిజాలను ఊడ్చుకుపోతున్నాయా? ట్రాప్‌లో రెండూ కలిసే పడతాయి కాబట్టి అంకెలు చూసి ఏది ముందో చెప్పలేం. 2004లో పాసో ఈ ప్రశ్నను తిరగేసి అడిగారు. తర్వాతి ప్రయోగాల్లో మట్టి మరీ ఎక్కువ కలిపితే ముద్దలు చిన్నవై, గట్టిపడిపోతాయని తేలింది. నా మటుకు నాకు బంగాళాఖాతంలో రెండూ నిజమే అనిపిస్తుంది: పట్టుకునేది జిగురు, లాగేది మట్టి. ఒకదానికే పేరు ఇవ్వాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. ఇంకో జాగ్రత్త: బెంగాల్ ఫ్యాన్ (నదులు బంగాళాఖాతం అడుగున పరిచిన మట్టి మేట) అడుగు మట్టిలో పూడిపోయిన సేంద్రియ కార్బన్‌లో ఎక్కువ భాగం హిమాలయ పరివాహకంలోని చెట్లు, నేలల నుంచి కొట్టుకొచ్చినది. దాన్ని ఫైటోప్లాంక్టన్ ఖాతాలో వేయకండి.

దిగినదంతా అడుగుకు చేరుతుందా అంటే, చేరదు. ప్రపంచ సముద్రాల్లో ఫైటోప్లాంక్టన్ ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్‌ను పట్టుకుంటుంది. అందులో 500 నుంచి 1,200 కోట్ల టన్నులు పై పొర దాటి దిగుతుందని అంచనా. 1987లో జాన్ మార్టిన్ బృందం పసిఫిక్ ట్రాప్‌ల నుంచి ఇచ్చిన సూత్రం ప్రకారం, 100 మీటర్లు దాటినదానిలో 1,000 మీటర్లకు చేరేది దాదాపు 14 శాతమే. మిగతాది దారిలోనే బ్యాక్టీరియా, జంతు ప్లవకాలు తినేసి మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతాయి. అడుగు మట్టిలో నిజంగా పూడిపోయేది పైన తయారైనదానిలో ఒక శాతం కూడా ఉండదు. అయితే పూడిపోకపోయినా ఫర్వాలేదు. 1,000 మీటర్ల కింద కరిగిపోయిన కార్బన్ తిరిగి గాలిని చూడటానికి వందల ఏళ్లు పడుతుంది. 100 మీటర్ల దగ్గర కరిగితే మాత్రం చాలాచోట్ల ఏడాది తిరక్కుండానే బయటికొస్తుంది. కాబట్టి వేగమే అసలు సంగతి: బ్యాక్టీరియా నోటికి చిక్కేలోపు ఎంత లోతుకు పోగలిగింది? ఈ మొత్తం పంపు ఆగిపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే సుమారు 200 పీపీఎం ఎక్కువ ఉండేదని లెక్క.

ఇక చల్లడం. మీరు అనుకున్నది మనదేశం ఒకసారి చేసి చూసింది. 2009 మొదట్లో ఎన్‌ఐఓ, జర్మనీ వాళ్లు కలిసి లోహాఫెక్స్ పేరుతో పోలార్‌స్టెర్న్ ఓడలో దక్షిణ మహాసముద్రానికి వెళ్లి, సుమారు 300 చదరపు కిలోమీటర్ల సుడిలో ఫైటోప్లాంక్టన్‌కు ఎరువుగా ఇనుము కలిపారు. వజీహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ నాయకులు. ఫైటోప్లాంక్టన్ పెరిగింది. కానీ ఆ నీళ్లలో సిలికా తక్కువ, గాజు పెంకులున్న డయాటమ్‌లు పెరగలేదు. గాజు పెంకు లేని చిన్న చిన్న ఫ్లాజెలేట్లు పెరిగాయి, వాటిని జంతు ప్లవకాలు మేసేశాయి. లోతుకు దిగిన కార్బన్ చాలా తక్కువ. అంతకు ముందు 2004లో ఐఫెక్స్ అనే ఇలాంటి ఇనుము ప్రయోగమే జరిగిన చోట సిలికా ఉంది. అక్కడ డయాటమ్‌ల బ్లూమ్ వచ్చి, దానిలో కనీసం సగం 1,000 మీటర్ల కిందికి దిగిందని 2012లో ప్రచురించారు. ఇనుము ఒకటే, బరువున్న కణం దొరికిందా లేదా అన్నదే తేడా. బంగాళాఖాతంలో అయితే ఇనుముకు లోటు లేదు, నదులే తెస్తాయి. లోటు నైట్రేట్‌ది. యూరియా కుమ్మరిస్తే అప్పటికే ఆక్సిజన్ దాదాపు లేని మధ్య పొరలో కుళ్లేది ఇంకా పెరుగుతుంది. అక్కడ ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతే నైట్రేట్ నత్రజని వాయువుగా ఎగిరిపోవడం మొదలవుతుంది, అరేబియా సముద్రంలో జరుగుతున్నట్టు. నిజమైన శాస్త్రీయ పరిశోధనకు తప్ప ఇలాంటి చల్లడాలు వద్దని, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే లండన్ ఒప్పంద దేశాలు 2008లోనే తీర్మానించాయి. నా అభిప్రాయం అడిగితే, అది సరైన నిర్ణయమే.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది కాబట్టి జిగురు దానంతటదే పెరుగుతుందా అని అడిగేవాళ్లున్నారు. కొన్ని ప్రయోగాల్లో పెరిగింది. కానీ సముద్రం ఆమ్లత వైపు జరిగినప్పుడు టెప్ అంటుకునే గుణం తగ్గి, తేలే గుణం పెరిగినట్టు జేవియే మారీ 2008లో చూపించారు. పైగా సున్నపు పలకలు కట్టుకునే జీవాలకు ఆమ్లత వల్ల కష్టం, అంటే బరువు తగ్గుతుంది. దీన్ని పట్టుకుని "సముద్రమే చూసుకుంటుంది" అని చెప్పే వీడియోలను నమ్మకండి.

చెన్నైలో ఉన్నారు కాబట్టి రెండు పక్క సంగతులు. వానల తర్వాత పట్టినపాక్కం దగ్గర కనిపించే తెల్లటి నురగ, 2019లో పిల్లలు అందులో ఆడుకుంటున్న ఫోటోలు వచ్చాయే, అది ప్లాంక్టన్ జిగురు అనుకోకండి. శుద్ధి చేయని మురుగునీటిలోని సబ్బు, డిటర్జెంట్లు వరదతో సముద్రంలోకి వచ్చి అలలకు నురగ కట్టినవి. అందులోకి దిగొద్దు. ఉత్తర సముద్రం తీరాల్లో ఫియోసిస్టిస్ అనే ప్లాంక్టన్ వల్ల అచ్చం ఇలాంటి నురగే వస్తుంది, అందుకే జనం తికమకపడతారు. రెండోది మీ కుళాయి నీళ్లు. నెమ్మేలి లాంటి ప్లాంట్లలో సముద్రపు నీళ్లను ఆర్‌ఓ పొరల గుండా నెట్టి మంచినీళ్లు చేస్తారు. ఇలాంటి ప్లాంట్లన్నిటికీ టెప్ తలనొప్పే. గట్టి రేణువైతే ముందున్న ఇసుక ఫిల్టర్‌లో ఆగిపోతుంది. జెల్ మాత్రం నొక్కుకుని, సాగి, దాటిపోయి నేరుగా ఆర్‌ఓ పొరకు అతుక్కుంటుంది, దాని మీద బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. ప్రెజర్ పెంచాలి, కరెంటు ఖర్చు పెరుగుతుంది. సముద్రానికి మేలు చేసే గుణమే ఇంజినీర్లకు టెన్షన్. ఈ రంగంలో ఉద్యోగం కావాలంటే టెప్ కొలవడం వచ్చి ఉండటం అదనపు అర్హతే.

ప్రాజెక్టుకు ఇదే తీసుకోవాలని ఉందన్నారు కదా. చేయండి, మన తీరానికి బాగా సరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. గంగ, గోదావరి నీళ్లు కలిసిన పలచని ఉప్పునీళ్లు నెల్లూరు దాటి చెన్నైకి వస్తాయి. ఫిబ్రవరి తర్వాత ప్రవాహం తిరగబడుతుంది, నీళ్లు తేటపడతాయి. కాబట్టి నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి శాంపిళ్లు తీయండి. అడయారు, కూవం ముఖాల దగ్గర వద్దు, మురుగు వల్ల ఏది దేనిదో తెలియదు. కోవళం బయట, పడవలో కొంచెం లోపలికి వెళ్లి తీయండి. టెప్‌తో పాటు నీటిలో తేలే మొత్తం రేణువుల బరువు, లవణీయత, నైట్రేట్, క్లోరోఫిల్ తప్పకుండా కొలవాలి. ఒక్క టెప్ అంకెతో ఏమీ చెప్పలేరు. నీళ్లు అదే రోజు వడకట్టండి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూద్దామంటే సీసాలోనే కొత్త జెల్ పుడుతుంది. వీలైతే ఒక లీటరు కొలజాడీలో నీళ్లు కదపకుండా ఉంచి, కొన్ని గంటల తర్వాత పై భాగం, మధ్య భాగం, అడుగు భాగం విడివిడిగా తీసి టెప్ చూడండి. నవంబరు నీళ్లలో అడుగున, మార్చి నీళ్లలో పైన ఎక్కువ రావాలని నా ఊహ. మార్చి, ఏప్రిల్‌లలో ట్రైకోడెస్మియం అనే ఫైటోప్లాంక్టన్ బ్లూమ్ తగిలితే ఆ రోజు శాంపిల్‌ను వేరుగా రాసుకోండి, అది సగటులో కలిస్తే లెక్కంతా అటే ఒరిగిపోతుంది. ఆల్షన్ బ్లూ ఆర్డర్ పెట్టేటప్పుడు రెండు సీజన్లకూ సరిపడా ఒకే బ్యాచ్ తెప్పించుకోండి.